తిమింగలమా, లాంతరా

పక్క కొట్లో టికెట్లు అమ్మే అమ్మాయి రెండు ఓడ కంపెనీల రంగు పుస్తకాలు తెచ్చి మా కత్తిరింపు బల్ల మీద పెట్టింది. "తీరిగ్గా చూసుకోండి అక్కా, ఏది నచ్చితే అది" అని చెప్పి వెళ్ళిపోయింది. తీరిగ్గా చూసుకోవడం మా ఇంటావంటా లేదని ఆ పిల్లకి తెలీదు పాపం.

మా ఆయన మొదటి పుస్తకం తెరిచాడు. నీలి సముద్రం, తెల్ల ఓడ, ఈతకొలను, ఏవీ ఆయన కంటికి ఆనలేదు. కెప్టెన్ ఫొటో దగ్గర ఆగి భూతద్దం తీశాడు.

"భుజం దగ్గర ముడత పడింది" అన్నాడు.

"ఓడ నడిపేవాడి భుజంతో మనకేం పని?" అన్నాను.

"చెయ్యెత్తితే కోటంతా పైకి లేస్తుంది. అది కూడా చూసుకోని కంపెనీ ఇంకేం చూసుకుంటుంది?"

ఈలోగా అత్తయ్య రెండో పుస్తకం లాక్కుంది. అందులో వడ్డించేవాళ్ళ తెల్ల కోట్లు చూసి, "చేత్తో కుట్టిన కాజాలురా అబ్బాయ్!" అని మురిసిపోయింది. ఓహో, ఈవిడ మనసు కాజాల మీద పడింది, ఇక ఆ ఓడే కావాలంటుంది అనుకున్నాను. అనుకున్నట్టే ఆ ఓడే కావాలంది. కానీ కాజాల కోసం కాదని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

మాది దర్జీల ఇల్లు. వీధివైపు కొట్టు, వెనక రెండు గదులు. రెండని మేం అనుకుంటాం గానీ నిజానికి అది ఒకటే గది. మా పెళ్ళికి ముందు మామయ్య మధ్యలో ప్లైవుడ్ నిలబెట్టి దాన్ని రెండు చేశారు. తలుపు లేదు, పరదా ఉంది. మంచి గుడ్డ, కుట్టు చూస్తే కళ్ళకద్దుకోవాలి, అయినా పరదా పరదానే. అటు అత్తయ్య దగ్గితే ఇటునుంచి నేను "నీళ్ళు కావాలా?" అని అడుగుతాను. ఇటు మేం గుసగుసలాడితే అటు మంచం కిర్రుమంటుంది. ఆరేళ్ళ కాపురంలో మా ఆయనతో నేను పోట్లాడినా, రాజీ పడినా అంతా సైగలతోనే. "ఇంకా విశేషం ఏమీ లేదా?" అని ఆరా తీసే చుట్టాలకి ఆ ప్లైవుడ్ మందం చూపించాలనిపిస్తుంది.

మూడేళ్ళ కింద మామయ్య పోయారు. నిద్రలోనే పోయారు. పక్కనే పడుకున్న అత్తయ్యకి తెల్లారేదాకా తెలీలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆవిడ కిటికీ పక్కనున్న తన మంచాన్ని లాగి, సరిగ్గా మా ప్లైవుడ్‌కి ఆనించి వేసుకుంది. తలగడ కూడా మా వైపే. ఎందుకని అడిగితే కిటికీ దగ్గర చలి అంది. నడి ఎండాకాలంలో చలి! కొడుకూ కోడలూ ఏం మాట్లాడుకుంటారో వినడానికే ఈ వేషాలన్నీ అని నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి ఏమీ అనలేదు. అయితే ఆ రోజు నుంచి మా గుసగుసలు కూడా తగ్గిపోయాయి.

ఈ ప్రయాణం మేం కోరి పెట్టుకున్నది కాదు. మా వరస కొట్ల కింద మురుగు గొట్టాలు కుళ్ళిపోయాయి. వాటిని తవ్వి మార్చేదాకా వారం పాటు ఎవరూ ఉండకూడదని ఇంటి యజమాని చెప్పేశాడు. మామయ్య ఉన్నన్నాళ్ళూ కొట్టు ఒక పూట కూడా మూసిన గుర్తు లేదు. ఎక్కడికి పోవాలని తలలు పట్టుకుంటుంటే మా ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "ఓడ ఎక్కుదాం" అన్నాడు. అడిగితే తప్ప నోరు విప్పని మనిషి అంత పెద్ద కోరిక బయటపెట్టేసరికి కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదు.

రెండు కంపెనీల పేర్లూ మాకు నోరు తిరగలేదు. ఒకదాని పొగగొట్టం మీద తిమింగలం బొమ్మ ఉంది, రెండోదాని మీద లాంతరు ఉంది. కాబట్టి మా ఇంట్లో అవే పేర్లయ్యాయి. తిమింగలం పెద్దది, ఒక వీధి వీధంతా నీళ్ళ మీద తేలుతున్నట్టుంటుంది. జారుడుబల్లలు, సినిమా హాలు, ఎక్కడ చూసినా తిండి. గదులు మాత్రం ఇద్దరిద్దరికి ఒకటి. లాంతరు చిన్నది, పాతది, నిదానంగా పోతుంది. సాయంత్రం అందరూ కోట్లు తొడుక్కుని ఒకే హాల్లో కూర్చుని భోంచేస్తారు. కుటుంబంతో వచ్చినవాళ్ళకి ఒకే గదిలో మంచాలు వేసిపెడతారు. ధరలు ఇంచుమించు ఒకటే, అందుకని ఆ వంకతో తేల్చే దారి కూడా లేదు.

నాకు తిమింగలమే కావాలి. జారుడుబల్లలు నాకక్కర్లేదు, సినిమా హాలూ అక్కర్లేదు. గడియ ఉన్న తలుపు కావాలి. ఒక్క వారం. తలుపేసి, గడియ పెట్టి, నా మొగుడితో నా గొంతుతో నేను మాట్లాడాలి. అవసరమైతే అరవాలి. ఆ మాట ఇంట్లో ఎలా చెప్తాను? అందుకని, "తిమింగలంలో తిండి బాగుంటుందట" అన్నాను.

"లాంతరు బాగుంటుంది" అంది అత్తయ్య.

ఇద్దరం పట్టుబట్టాం. ఇక తిరగేత తప్పదని మా ఆయన అన్నాడు.

తిరగేత మామయ్య పెట్టిన పద్ధతి. మా కొట్లో ఏ బట్టా లోపలివైపు తిరగేసి చూడకుండా బయటికి పోదు. పైన ఎంత నిగనిగలాడినా కుట్టు బండారం లోపలే తెలుస్తుంది. ఇంట్లో తగవులకీ అదే పద్ధతి పెట్టారాయన. నీ మాట నువ్వు చెప్పకూడదు. నీ పక్షం ఎదుటివాళ్ళు చెప్పాలి, వాళ్ళ పక్షం నువ్వు చెప్పాలి. విన్నవాళ్ళు "కుదిరింది" అనేదాకా చెబుతూనే ఉండాలి. మధ్యలో అందించకూడదు. ఇద్దరూ కుదిరిందన్నాకే తీర్పు. దొంగ కుదిరింది చెల్లదు. అయినా కుదరని బట్టని కుదిరిందనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాదు.

సాయంత్రం కొట్టు కట్టేశాక ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. వయసులో పెద్ద కాబట్టి అత్తయ్య ముందు మొదలుపెట్టింది. తిండి గురించి చెబుతుంది, నేను కుదిరిందంటాను, పనైపోతుంది అని ధీమాగా ఉన్నాను.

"తిమింగలమే ఎందుకెక్కాలంటే," అని గొంతు సవరించుకుంది. "ఈ పిల్ల మనింటికొచ్చిన రోజు నుంచీ గుడ్డ వెనకాల కాపురం చేస్తోంది. మొగుడితో నవ్వాలన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఏడవాలన్నా పంపు తిప్పుకుని ఏడవాలి. దీనికి గడియ ఉన్న తలుపు కావాలి. ఆ తలుపుకి అవతల నేనుండాలి. వీలైతే నాలుగంతస్తుల కింద."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేని దారం కోసం బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సిగ్గేసింది. ఎవరో నా బరువు కాస్త దించినట్టూ అనిపించింది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. ఇంత తెలిసి కూడా మంచం ఆ ప్లైవుడ్‌కి ఆనించిందా!

"కుదిరిందా అమ్మాయ్?"

"కుదిరింది అత్తయ్యా" అన్నాను.

ఇక నా వంతు. "లాంతరు ఎందుకంటే, అందులో చేత్తో కుట్టిన కాజాలున్నాయి కాబట్టి."

"పొట్టిగా ఉంది" అంది అత్తయ్య.

"గోల తక్కువ కాబట్టి. అందరూ మర్యాదగా బట్టలేసుకుని భోంచేస్తారు కాబట్టి."

"వదులు."

"మీ మోకాళ్ళకి చిన్న ఓడైతే నడక తక్కువ కాబట్టి."

"లిఫ్టులు రెండింట్లోనూ ఉన్నాయి. చంకలో పట్టేస్తోంది అమ్మాయ్, మళ్ళీ కుట్టు."

ఆ రోజు కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. ఇస్త్రీ చేస్తూ ఒకటి చెప్పేదాన్ని, గుండీలు వేస్తూ ఇంకోటి చెప్పేదాన్ని. మామయ్యకి పాత ఓడలంటే ఇష్టమా? కాదట. నీళ్ళంటే భయమా? కాదట. పరాయివాళ్ళ మధ్య మొహమాటమా? ఆ మాటకి నవ్వింది. కొలతలిచ్చేవాళ్ళ పొట్ట చూసి మొహమ్మీదే "పెరిగిందే" అనే మనిషికి మొహమాటమేమిటి! నా తలప్రాణం తోకకొచ్చింది. టికెట్ల అమ్మాయి రోజూ గుమ్మంలోంచి తొంగిచూసి, "గదులు అయిపోతున్నాయి అక్కా" అని చెవినిల్లు కట్టుకుని పోరేది.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, చేతిలో కత్తెర బల్ల మీద పడేసి అనేశాను. "లాంతరు ఎందుకంటే, అందులో అందరం ఒకే గదిలో ఉంటాం కాబట్టి. మేం ఏం మాట్లాడుకుంటామో మీరు వినొచ్చు కాబట్టి. ఇంట్లో విన్నట్టే!"

మా ఆయన మిషను ఆగింది. అత్తయ్య ఒంటికాలి మీద లేస్తుందని కాచుకుని ఉన్నాను. లేవలేదు. కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నా వైపు చూసింది.

"దగ్గరికొచ్చావు" అంది. "గుడ్డ అదే. కత్తిరింపు తప్పు."

అంతే. మళ్ళీ కాజాలు కుట్టుకోవడంలో పడిపోయింది. నేను తిట్టినా తిట్టనట్టే ఉండిపోయేసరికి నాకు లోపల గిలి పట్టుకుంది. ఏదో ఉంది, అది నాకు అందడం లేదు.

మా ఆయనకి కాగితం మీద కొలతలంటే నమ్మకం లేదు. ఆ సాయంత్రం కొట్లో కుర్చీలన్నీ ఓ మూలకి నెట్టి, టేపూ సుద్దముక్కా పట్టుకుని, పుస్తకంలో వేసిన గదులని నేల మీద ఉన్నది ఉన్నంత సైజులో గీయడం మొదలుపెట్టాడు. కోటుకి గీసినంత శ్రద్ధగా గీశాడు. ముందు లాంతరు గది. ఒకే గది, మూడు మంచాలు. తలుపు దగ్గర చిన్న గీత పెట్టి, "చెప్పుల చోటు" అన్నాడు.

"పడుకుని చూడమ్మా" అన్నాడు.

అత్తయ్య సుద్దమంచంలో పడుకుంది. కాళ్ళు చాపింది, చేతులు పొట్ట మీద పెట్టుకుంది. హాయిగా ఉన్నట్టే ఉంది.

తర్వాత తిమింగలం. ఆవిడ గది ఒకటి గీశాడు. మాది బల్లకి అవతల, అంత దూరంలో గీశాడు. "మనది పై అంతస్తు" అన్నాడు. అత్తయ్య తన గదిలో పడుకుంది. ఒకసారి ఇటు తల పెట్టింది. లేచి, తిరిగి, అటు తల పెట్టింది. మళ్ళీ లేచి అడ్డంగా పడుకుంది. బట్ట తొడిగి చూసేటప్పుడు ఎక్కడో పట్టేస్తే మనిషి ఇలాగే మెలికలు తిరుగుతాడు.

"మీ గది ఎటు?" అని అడిగింది పడుకునే.

"పైన అన్నానుగా."

"గోడకి అవతల ఎవరుంటారు?"

"ఎవరో. మనకి తెలీని వాళ్ళు."

ఆవిడ ఆ సుద్దగీత మీద అరచెయ్యి ఆనించి చెవి అటు తిప్పింది. ఆ తీరు చూశాక నాకు మామయ్య పోయిన రోజు గుర్తొచ్చింది. డాక్టరు వచ్చి, రాత్రెప్పుడో ఊపిరి ఆగిపోయిందన్నాడు. అత్తయ్య ఏడవలేదు. "నేను పక్కనే ఉన్నాను. నాకు వినపడలేదు" అని వచ్చినవాళ్ళందరితో అదే మాట అంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటోందనుకున్నాం. అందరం తలూపాం. మంచం జరిగింది ఆ తర్వాతే.

నేను నేల మీద, ఆవిడ గీతకి ఇవతల కూర్చున్నాను.

"లాంతరు ఎందుకంటే," అన్నాను. "అందులో అందరం ఒకే గదిలో పడుకుంటాం. అత్తయ్యకి మా మాటలక్కర్లేదు. ఊపిరి వినపడాలి. ఈయన ఊపిరి రాత్రంతా వినపడితే తప్ప ఆవిడకి నిద్ర పట్టదు. ఆ రోజు మామయ్యది వినపడలేదు కాబట్టి."

అత్తయ్య పైకప్పు వైపు చూస్తోంది.

"నీది కూడా" అంది. "నీదీ వింటాను. నువ్వు ఎడమవైపు తిరిగి పడుకుంటే చిన్న ఈల వస్తుంది. ఆ ఈల ఆగితే లేచి కూర్చుంటాను. మళ్ళీ వచ్చాక పడుకుంటాను."

మూడేళ్ళుగా కిర్రుమంటున్న మంచం అదీ. దాని మీద ఎన్ని తిట్లు పోశానో గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"కుదిరింది అమ్మాయ్" అంది అత్తయ్య.

మా ఆయన గీసిన గీతల మీదే కూలబడిపోయాడు. ప్యాంటంతా సుద్ద. "చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

"ఏమని చెప్పనురా? పెళ్ళాం పక్కన పడుకున్నవాణ్ణి, కాస్త గట్టిగా గురక పెట్టరా నాయనా అని అడగనా?"

ముగ్గురం నవ్వాం. ఇక్కడ నేను, "లాంతరే ఎక్కుదాం అత్తయ్యా" అని ఉంటే ఎంతో బాగుండేది. అనలేదు. మాట నోటిదాకా వచ్చింది, గడియ గుర్తొచ్చి వెనక్కి పోయింది. ఆవిడ మీద జాలి ఉంది, ప్రేమ కూడా పుట్టింది. అయినా నాకు ఆ తలుపు కావాలి. అత్తయ్య కూడా తిమింగలం అనలేదు. ఆవిడకీ నిద్ర కావాలి. కుదరడం వేరు, తీరడం వేరు.

పొద్దున్నే కొట్టు తెరవకముందే టికెట్ల అమ్మాయి దగ్గరికి పోయి, దాచకుండా సంగతంతా చెప్పాను. ఆ పిల్ల గడ్డం కింద కలం పెట్టుకుని విని, "ఈ మాట ముందే చెప్పొద్దా అక్కా!" అని కసురుకుంది. తిమింగలంలో కొన్ని గదులు పక్కపక్కనే ఉంటాయట, మధ్యలో తలుపుంటుందట. పిల్లలున్నవాళ్ళు తీసుకుంటారట.

"మధ్య తలుపంటే ఒకటి కాదు, రెండు. ఒకదాని వెనక ఒకటి. మీ వైపు మీది, వాళ్ళ వైపు వాళ్ళది. ఎవరి గడియ వాళ్ళదే" అంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన వెంటనే పాత గీతలు చెరిపి కొత్తవి గీశాడు. అత్తయ్య పడుకుంది. మంచం తల మధ్య తలుపుకి దూరంగా ఉంది.

"మంచం జరుగుతుందా?" అంది.

"ఓడలో మంచాలు నేలకి బిగించి ఉంటాయట" అన్నాను.

"పరుపు?"

"పరుపెందుకు బిగిస్తారు?"

"అయితే పర్లేదు" అని లేచి చీర దులుపుకుంది. తీర్పు అయిపోయింది.

ఓడ ఎక్కే గుమ్మం దగ్గర ఆ ఫొటోలోని కెప్టెనే నిలబడి అందరికీ చెయ్యి ఊపుతున్నాడు. చెయ్యెత్తినప్పుడల్లా కోటు పైకి లేస్తోంది. మా ఆయన మోచేత్తో నన్ను పొడిచాడు. అత్తయ్య అయితే ఆగి ఆ భుజం సవరించబోయింది. నేను రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

రాత్రి భోజనాలయ్యాక అత్తయ్య తన గదిలోకి వెళ్ళింది. నేను మా వైపు తలుపు మూసి గడియ పెట్టాను. అది పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మా ఆయన పక్కన కూర్చుని ఏదో చెప్పాను. ఏమీ వినపడలేదన్నాడు. చూసుకుంటే ఇద్దరం గుసగుసలాడుతున్నాం. అంత గట్టి తలుపేసుకుని కూడా! అది తెలిశాక ఇద్దరం ఎంత గట్టిగా నవ్వామో చెప్పలేను. ఆ తర్వాతి సంగతులు ఇక్కడ చెప్పేవి కావు. గడియ ఉన్నది అందుకే కదా.

పొద్దున మెలకువ వచ్చేసరికి గదంతా ఎండ. మా ఆయన గురక పెడుతున్నాడు. చప్పుడు కాకుండా గడియ తీసి మా తలుపు తెరిచాను.

అవతలి తలుపు బార్లా తెరిచే ఉంది. రాత్రంతా తెరిచే ఉందన్నమాట. మంచం ఖాళీ. పరుపు నేల మీదుంది, సరిగ్గా గుమ్మానికి ఆనించి. అత్తయ్య మా వైపు తల పెట్టి, చెయ్యి చాపి పడుకుని ఉంది. ఆ చెయ్యి అంతదాకా నా తలుపుకి ఆని ఉన్నట్టుంది, తెరవగానే నా కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ కదల్లేదు.

ఎండ ఎక్కాక అత్తయ్య పడుకుని ఉండడం ఈ ఆరేళ్ళలో నేను చూడలేదు. "అత్తయ్యా" అని పిలిచాను. పలకలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ ముక్కు దగ్గర చెవి పెట్టాను. కింద ఓడ ఇంజను రొద, వెనక మా ఆయన గురక. ఇంకేమీ వినపడలేదు. నా ఊపిరి బిగపట్టి, కళ్ళు మూసుకుని, ఇంకా దగ్గరికి వంగి విన్నాను. నా చెవికి వెచ్చగా తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. లేవాలనిపించలేదు, ఇంకోసారి విందామని అలాగే ఉన్నాను.

"బతికే ఉన్నాను" అంది అత్తయ్య కళ్ళు తెరవకుండానే. "వెళ్ళి తలుపేసుకో."